బ్లూస్ జూనియర్‌ని మార్షల్‌గా మార్చొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హైదరాబాద్, కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. పోయినేడు మా బావగారు అమెరికా నుంచి వచ్చేస్తూ తన 15 వాట్ల ఫెండర్ బ్లూస్ జూనియర్ ట్యూబ్ ఆంప్ (ట్యూబులతో, అంటే వాల్వులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్) నాకిచ్చారు. మన 230 వోల్టులని దానికి కావాల్సిన 120కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. గిటార్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్), తీగల కదలికని పట్టే పికప్‌లు సింగిల్ కాయిల్ రకం. క్లీన్ సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. ఓవర్‌డ్రైవ్, అంటే ట్యూబుల్ని హద్దు దాటించి తెప్పించే గరగర సౌండ్ మాత్రం అస్సలు నచ్చడం లేదు. ముందు ట్యూబుల వాల్యూమ్‌ని చివరిదైన 12కి తిప్పి, మొత్తం సౌండ్‌ని అదుపు చేసే మాస్టర్ నాబ్ ఒకటిన్నర దగ్గర పెడితే తేనెపట్టు కదిపినట్టు జుయ్‌మంటుంది. సౌండ్‌కి మందం పెంచే ఫ్యాట్ స్విచ్ నొక్కితే లావు తీగలు బురదబురదగా వినిపిస్తాయి. నాకు కావాల్సింది 1960ల చివర, 70ల మొదట్లోని బ్రిటిష్ రాక్ సౌండ్. సోల్డరింగ్ వచ్చు కాబట్టి వీడియోలు చూసి లోపల కెపాసిటర్లు, రెసిస్టర్లు మార్చి గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచుదామనుకుంటున్నాను. లేదంటే దీన్ని అమ్మేసి 50 వాట్ల మార్షల్ హెడ్ (స్పీకర్ విడిగా ఉండే ఆంప్) కొనమంటారా? ఇంకో చిన్న విషయం. చెప్పుల్లేకుండా వాయిస్తుంటే ఒక్కోసారి తీగల మీద వేళ్లకి జివ్వుమంటుంది. ట్యూబ్ ఆంప్‌లకి ఇది మామూలేనా?

సమాధానం: మీరు ఉత్తరం చివరికి నెట్టేసిన ఆ జివ్వుమనే సంగతితోనే మొదలుపెడతాను. అది మామూలు కాదు. ఈ రోజే ఆంప్ ప్లగ్ తీసి పక్కన పెట్టండి. గిటార్ తీగలు బ్రిడ్జి నుంచి కేబుల్ ద్వారా ఆంప్ ఛాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. ఆ ఛాసిస్ ఎర్త్‌కి కలిసి ఉండాలి. మీకు జివ్వుమంటోందంటే ఆ ఎర్త్ ఎక్కడో తెగినట్టే. నా అనుమానమంతా స్టెప్‌డౌన్ మీదే. బజార్లో దొరికే చాలావాటికి గోడవైపు రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. ఆంప్ వైపు మూడు కన్నాల సాకెట్ ఉన్నా, మూడో కన్నం లోపల దేనికీ కలిపి ఉండదు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే స్కాటిష్ గిటారిస్టు ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే షాక్ కొట్టి చనిపోయాడు. ఒక చేయి తీగల మీద, ఇంకో చేయి మైకు మీద పెట్టే మనలాంటి వాళ్లకి అది ఎప్పుడూ గుర్తుండాలి.

మూడు పిన్నుల ప్లగ్గుతో, ఎర్త్ తీగ ఇటునుంచి అటుదాకా తెగకుండా వెళ్లే, కనీసం 300 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ఒకటి కొనండి. గోడ సాకెట్‌లోంచి ప్లగ్ తీసేసి, మల్టీమీటర్‌తో స్టెప్‌డౌన్ ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి ఆంప్ ఛాసిస్ స్క్రూ దాకా చూస్తే ఒక ఓమ్‌కి అటూ ఇటూగా రావాలి. ఇంట్లో సాకెట్‌కి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఆ మూడో కన్నం అలంకారానికే ఉంటుంది. స్టెప్‌డౌన్ మీద 120 బదులు 110 వోల్టులని రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు. ట్యూబుల హీటర్‌కి 6.3 వోల్టులు అందాల్సిన చోట 5.8 దాకా అందుతుంది. పది శాతం లోపు తేడాని ట్యూబులు ఓర్చుకుంటాయి.

ఇక సౌండ్ దగ్గరికి వద్దాం. 50 వాట్ల హెడ్ కొనకండి. లోపల గెయిన్ కూడా ఇప్పుడే పెంచకండి.

వాట్ల లెక్క ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. 15 వాట్ల నుంచి 50 వాట్లకి వెళితే పెరిగేది 5 డెసిబెల్స్ పైచిలుకు. మన చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్లు వాట్లు కావాలి. కాబట్టి 50 వాట్ల ఆంప్ మీ దానికి మూడు రెట్లు గట్టిగా మోగదు. కానీ అది ఓవర్‌డ్రైవ్ అవడం మొదలుపెట్టే చోటు మాత్రం మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ భరించలేనంత పైకి పోతుంది. 15 వాట్లే మీ గదికి ఎక్కువ. ఇంకా పెద్దది తెచ్చుకుంటే ఇప్పుడున్న సమస్యే ఇంకాస్త ముదురుతుంది.

మీరు ఇష్టపడే ఆ బ్రిటిష్ సౌండ్ ఎలా పుట్టిందో చూస్తే మీ ఆంప్‌లో ఏం జరుగుతోందో అర్థమవుతుంది. జిమ్ మార్షల్ లండన్‌లోని హాన్‌వెల్‌లో షాపు నడిపే డ్రమ్స్ టీచర్. 1962లో ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి తయారుచేసిన మొదటి మార్షల్, జేటీఎమ్45, సర్క్యూట్ పరంగా ఫెండర్ వాళ్ల బాస్‌మాన్ అనే ఆంప్‌కి దాదాపు నకలే. అంటే మీరు అమ్మేసి కొందామనుకుంటున్న బ్రాండ్ పుట్టింది ఒక ఫెండర్‌లోంచే. తేడాలు కొన్ని చోట్లే. బాస్‌మాన్‌లో మొదటి ట్యూబు 12ఏవై7 అయితే ఇందులో అంతకన్నా గెయిన్ ఎక్కువున్న ఈసీసీ83, అంటే మనం 12ఏఎక్స్7 అనేది. స్పీకర్లు అమెరికన్ పది అంగుళాలవి పోయి, వెనక మూసేసిన పెట్టెలో పన్నెండు అంగుళాల సెలెస్టియన్లు నాలుగు వచ్చాయి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆ ఆంప్‌లకి మాస్టర్ వాల్యూమ్ లేదు. ఓవర్‌డ్రైవ్ కావాలంటే వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పాల్సిందే. అప్పుడు ముందున్న చిన్న ట్యూబులు, సిగ్నల్‌ని రెండుగా చీల్చి పంపే ఫేజ్ ఇన్వర్టర్, స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కాగితం, అన్నీ తలా కొంచెం నలిగేవి, అంటే సిగ్నల్‌ని వంకర చేసేవి (డిస్టార్షన్). ఒక్కొక్కటీ కొంచెమే నలగడం వల్ల ఆ సౌండ్ మందంగా, గుండ్రంగా ఉండేది. స్పీకర్‌కి ఇందులో ఎంత వాటా ఉంటుందంటే, 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ తన చిన్న ఎల్పికో ఆంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోసి మరీ ఆ గరగర తెప్పించుకున్నాడు. మీరు ఆ పని చేయకండి.

మీ సెట్టింగ్‌లో జరిగేది దీనికి తిరగేసిన వ్యవహారం. వాల్యూమ్ 12లో ఉంది కాబట్టి ముందున్న చిన్న ట్యూబే భారమంతా మోస్తోంది. మాస్టర్ ఒకటిన్నరలో ఉంది కాబట్టి రెండు ఈఎల్84 పవర్ ట్యూబులకీ స్పీకర్‌కీ పనే లేదు. ఒకే చోట గట్టిగా నలిగిన సిగ్నల్‌లో పుట్టే పదునైన పైస్వరాలని తర్వాత ఎవరూ గుండ్రం చేయడం లేదు. మీకు వినిపించే జుయ్ అదే. ఇప్పుడు లోపల గెయిన్ పెంచితే ఆ జుయ్ ఇంకా పెద్దదవుతుంది, అంతే.

పక్కింటివాళ్లు ఊరెళ్లిన ఒక మధ్యాహ్నం చూసుకుని ఇలా చేసి వినండి. మాస్టర్ 12కి. వాల్యూమ్ 2 దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బాస్ 2, మిడిల్ 9 లేదా 10, ట్రెబుల్ 5, రివర్బ్ దాదాపు సున్నా. మీది సింగిల్ కాయిల్ గిటార్ కాబట్టి ఫ్యాట్ స్విచ్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ రెండు రకాలుగా వినండి. వాల్యూమ్ 4, 5 మధ్య ఎక్కడో సౌండ్ వేళ్లకి అంటుకున్నట్టు స్పందించడం మొదలవుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా. అది నచ్చిందా, ఆంప్ సరైనదే, మిగతాదంతా ఆ సౌండ్‌ని తక్కువ వాల్యూమ్‌లో తెచ్చుకునే ఏర్పాటు. అలా పెట్టినా నచ్చకపోతే ఏ కెపాసిటర్ మార్చినా నచ్చదు. అప్పుడు అమ్మేయడం గురించి ఆలోచిద్దాం.

బురద సంగతి. ఇది నిజంగా తెలుసుకోవాల్సింది, కొనాల్సిన వస్తువుల జాబితా కన్నా విలువైనది. డిస్టార్షన్‌కి ముందున్న బాస్ వేరు, తర్వాత ఉన్న బాస్ వేరు. లావు ఇ తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాని అల పెద్దది. సిగ్నల్‌ని నలిపే ట్యూబులోకి అది పూర్తిగా వెళితే, ఉన్న జాగా అంతా అదే తినేస్తుంది, సన్న తీగల స్వరాలు దాని మీద ఊగిపోతూ నలుగుతాయి. మీరు బురద అంటున్నది అదే. అందుకే మంచి ఓవర్‌డ్రైవ్ ఆంప్‌లన్నీ నలిపే ముందే బాస్‌ని కోస్తాయి. ఫెండర్లలో మొదటి ట్యూబుకి కేథోడ్ అనే కాలు దగ్గర సాధారణంగా 1.5 కిలో ఓమ్ రెసిస్టర్, దానికి అడ్డంగా 22 లేదా 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి, బాస్ మొత్తం వెళ్లిపోతుంది. మార్షల్ లీడ్ ఆంప్‌లలో అదే చోట 2.7 కిలో ఓమ్, 0.68 మైక్రోఫారడ్. మొదటి అడుగులోనే కింది స్వరాలు తగ్గిపోతాయి. పైగా ఫెండర్ టోన్ సర్క్యూట్ మధ్య స్వరాలని లోపలికి నొక్కేస్తుంది. క్లీన్‌లో మీరు మెచ్చుకునే ఆ మెరుపు అందువల్లే, ఓవర్‌డ్రైవ్‌లో పస లేకపోవడానికీ అదే కారణం.

ఈ రెండు లోపాలకీ సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేని మందు ఒకటుంది, గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టే ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్. ఇబానెజ్‌దే కావాలని లేదు, ఆ సర్క్యూట్‌ని అనుసరించినవి బోలెడు. సుమారు 720 హెర్ట్జ్‌కి కింద ఉన్నదాన్ని అది పెద్దగా పెంచదు, అక్కడి నుంచి మధ్య స్వరాలని ముందుకు తోస్తుంది. ఫెండర్ ఎక్కడ తక్కువో సరిగ్గా అక్కడ ఎక్కువ. స్ట్రాట్, ట్యూబ్ స్క్రీమర్, ఫెండర్ ఆంప్ కలిపి బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ వాయించింది ఊరికే కాదు. అయితే పెడల్‌తోనే డిస్టార్షన్ తెప్పించకండి. డ్రైవ్ నాబ్ 2 లోపు, లెవెల్ 8 పైన, టోన్ సగానికి కొంచెం తక్కువ. ఆంప్ ముందుగానే కాస్త గరగరలాడే చోట ఉండాలి, పెడల్ దాన్ని తోయాలి. మీరున్న పరిస్థితిలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని కూడా వాడుకోండి. అన్నీ ఆన్ చేసి ఆ నాబ్ 6కి తగ్గిస్తే దాదాపు క్లీన్, 10కి పెంచితే లీడ్. తగ్గించినప్పుడు సౌండ్ మసకబారుతుంటే ట్రెబుల్ బ్లీడ్ అనే చిన్న కెపాసిటర్ వేయించండి. మీకు సోల్డరింగ్ సరదా ఉంది కదా, ప్రమాదం లేని చోటు అదీ.

రాత్రిపూట సంగతికి అటెన్యుయేటర్ ఉంది. ఆంప్ అవుట్‌పుట్‌కీ స్పీకర్‌కీ మధ్య పెడితే, పవర్ ట్యూబులు పూర్తిగా పనిచేస్తూనే స్పీకర్‌కి వెళ్లే పవర్ తగ్గుతుంది. బాస్టన్ బృందాన్ని నడిపిన టామ్ షోల్జ్ స్వతహాగా ఇంజినీరు, పవర్ సోక్ పేరుతో అలాంటిదొకటి తయారుచేసి అమ్మాడు కూడా. 8 ఓమ్‌లది, రియాక్టివ్ రకం (నిజం స్పీకర్‌లా స్పందించేది) చూసుకోండి. ఇంట్లో రెసిస్టర్లతో చుట్టుకున్నది వద్దు, అది కాలిపోయి లోడ్ తెగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేయకూడదన్నది కూడా అందుకే. అంచనా ఒకటి ముందే పెట్టుకోండి. 15 వాట్లని ఒక వాట్‌కి తెచ్చినా తగ్గేది సుమారు 12 డెసిబెల్సే, ఒక వాట్ కూడా మూడో అంతస్తులో బాగానే మోగుతుంది. ఇంకా తగ్గిస్తే మన చెవే బాస్‌నీ పైస్వరాలనీ సరిగా పట్టుకోదు, స్పీకర్ కోన్ కదలదు. అటెన్యుయేటర్ టోన్‌ని చంపేస్తుందని తిట్టేవాళ్లలో చాలామంది నిజానికి తిడుతున్నది తమ చెవుల్నే.

స్పీకర్ మార్చడం. పెడల్ తర్వాత నేను డబ్బు పెట్టేది ఇక్కడే. మీరు కోరుకునే సౌండ్‌లో సగం సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్‌ది. 25 వాట్లు, 8 ఓమ్‌లు, సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది, 98 డెసిబెల్స్. అందరూ చెప్పే వింటేజ్ 30 అయితే 100 డెసిబెల్స్. ఆ రెండు డెసిబెల్స్ తేడా మీ ఆంప్‌ని 15 వాట్ల నుంచి తొమ్మిదిన్నర వాట్లకి దించినంత, మీకు కావాల్సిందీ అదే కదా. పైగా వింటేజ్ 30లో పైమధ్య స్వరాలు పొడుచుకొస్తాయి. స్ట్రాట్‌కి, చిన్న గదికి నేనైతే పెట్టను. 15 వాట్ల స్పీకర్ మాత్రం వద్దు. ఆంప్ మీద 15 అని రాసి ఉన్నా గట్టిగా ఓవర్‌డ్రైవ్ చేసినప్పుడు అంతకు మించే వస్తుంది. కొత్త స్పీకర్ మొదట్లో బిగుసుకుని ఉంటుంది, కొన్ని గంటలు వాయించాకే తీర్పు చెప్పండి.

ట్యూబులు మార్చడం గురించి వినేదంతా నమ్మకండి. చిన్న ట్యూబు ఒక బ్రాండ్ తీసి ఇంకో బ్రాండ్ పెడితే వచ్చే తేడా, మిడిల్ నాబ్ ఒక గీత తిప్పితే వచ్చేదానికన్నా చాలాసార్లు తక్కువే. రకం మారిస్తే మాత్రం తెలుస్తుంది. 12ఏఎక్స్7 గెయిన్ 100 అనుకుంటే 5751ది 70, 12ఏవై7ది 44 దగ్గర. ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరున్న చిన్న ట్యూబు స్థానంలో 5751 పెట్టి చూడండి. ఓవర్‌డ్రైవ్ కావాలంటే గెయిన్ తగ్గించమంటున్నానేమిటని ఆశ్చర్యపోకండి. ముందు ట్యూబు తొందరగా నలగకపోతే వెనకున్న ఈఎల్84లకి వంతు వస్తుంది, వాల్యూమ్ నాబ్ కూడా చెప్పినట్టు వింటుంది. పైగా ఇది నచ్చకపోతే నిమిషంలో వెనక్కి పెట్టేయొచ్చు. ఈఎల్84లు మారిస్తే రెండూ మ్యాచ్ చేసిన జతగానే కొనండి.

ఇప్పుడు మీ అసలు కోరిక, లోపల సర్క్యూట్. జేసీఎమ్800 అనే తర్వాతి మోడల్ తరహా మార్షల్‌లో ఆ పట్టు ఎక్కడినుంచి వస్తుందంటే, వరసగా ఎక్కువ గెయిన్ స్టేజీలు, వాటి మధ్యలో కేథోడ్ దగ్గర 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో కావాలనే చల్లగా బయాస్ చేసిన, అంటే సిగ్నల్ లేనప్పుడు తక్కువ కరెంటు పారేలా పెట్టిన ఒక స్టేజీ. అది అలని ఒక పక్కే కోస్తుంది. ఆ అమరిక మీ ఆంప్‌లో లేదు. రెండు మూడు విడిభాగాలు మారిస్తే రాదు. పైగా మీది ప్రింటెడ్ బోర్డు. దాని మీది సన్నటి రాగి ట్రాక్‌లు పదేపదే వేడిచేస్తే లేచిపోతాయి. చేయించదగినవి నా లెక్కలో రెండే. ఒకటి ఇందాక చెప్పిన మొదటి కేథోడ్ కెపాసిటర్‌ని 22 నుంచి 1 మైక్రోఫారడ్‌కో 0.68కో తగ్గించడం. రెండోది బయాస్. ఈ ఆంప్‌లో బయాస్ సర్దుకునే వీలు ఇవ్వలేదు, పవర్ ట్యూబులు కాస్త వేడిగానే నడుస్తాయని పేరు. సర్దుకునే చిన్న నాబ్ (ట్రిమ్‌పాట్) పెట్టిస్తే ట్యూబులు ఎక్కువ కాలం వస్తాయి. ఈఎల్84 లోపల కరెంటు అందుకునే ప్లేట్ భరించేది 12 వాట్లు. బయాస్‌ని సాధారణంగా పెట్టేది అందులో 70 శాతానికి, అంటే 8.4 వాట్లకి. ప్లేట్ మీద 320 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకి 26 మిల్లీ ఆంపియర్లు. బయాస్ ఎంత వేడిగా పెడితే ఓవర్‌డ్రైవ్ అంత బాగుంటుందన్నది అపోహ. మరీ చల్లగా పెట్టినా గీసుకుపోయినట్టు వినిపిస్తుంది.

ఈ రెండు పనులూ మీరు చేయకండి. పెడల్ సోల్డరింగ్ 9 వోల్టుల వ్యవహారం. ఇక్కడ 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. వాటిని సరిగా డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాలి, అదీ పక్కన తెలిసినవాళ్లు ఉండగా. కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లి వాల్వు రేడియోలు బాగుచేసిన పాతతరం మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఈఎల్84, ఈసీసీ83 వాళ్లకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు బెంగళూరులో ప్రభుత్వ సంస్థ బీఈఎల్ కూడా ఈ వాల్వులు తయారుచేసింది, పాత రేడియోల్లో సౌండ్ ఇచ్చిందే ఈఎల్84. గిటార్ ఆంప్ ఎప్పుడూ చూడలేదని ఆయన అనొచ్చు. సర్క్యూట్ బొమ్మ ప్రింట్ తీసి చేతిలో పెట్టండి, చాలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పండి. ఆయన శుభ్రమైన సౌండ్ కోసం సర్దబోతారు, మనకి కావాల్సింది గరగర.

ఇవన్నీ చేశాక కూడా మనసు మార్షల్ మీదే ఉంటే 50 వాట్ల జోలికి పోకుండా వాళ్ల స్టూడియో సిరీస్ చూడండి. ఎస్‌వీ20 పాత 60ల సౌండ్, ఎస్‌సీ20 జేసీఎమ్800 సౌండ్. రెండూ 20 వాట్లు, 5 వాట్లకి తగ్గించుకునే వీలుంది. మీరు చెప్పిన కాలానికి ఎస్‌వీ20 దగ్గర. ఇక్కడి షాపులో కొంటే 230 వోల్టులదే వస్తుంది, స్టెప్‌డౌన్ గొడవ ఉండదు. దానికి మాస్టర్ వాల్యూమ్ లేదని మాత్రం గుర్తుంచుకుని, 5 వాట్లలో షాపులోనే గట్టిగా పెట్టి వినండి.

బ్లూస్ జూనియర్‌లోంచి తీసిన పాత స్పీకర్‌నీ ట్యూబులనీ అట్టపెట్టెలో భద్రంగా దాచండి. 120 వోల్టుల ఆంప్‌కి ఇక్కడ మామూలుగానే బేరం తక్కువ. అసలు భాగాలు లేకుండా, పైగా లోపల కెలికి ఉంటే ఇంకా తక్కువకి అడుగుతారు.